ప్రలోభం ముందు నీతి, నిగ్రహం

అవకాశం ఎదురుగా ఉన్నా కొందరు దొంగతనం చేయరు, కొందరు చేస్తారు. ఆ తేడా నీతి వల్ల వస్తుందా, నిగ్రహం వల్ల వస్తుందా అని మీరు అడిగారు. నా అనుభవం మేరకు ఎక్కువ మందిని ఆపేది నీతే. నిగ్రహానికి పని పడేది తక్కువ మందికి, అదీ కొన్ని ఘడియల్లోనే.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో రొయ్యల గుంటల మీద మేనేజరుగా చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ మేత బస్తాలు, జనరేటరులో పోసే డీజిలు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లలోని రాగి తీగ రాత్రంతా ఒకరిద్దరు కాపలావాళ్ల చేతిలోనే ఉంటాయి. పైగా మేత బస్తాను సగం ధరకు ఇస్తామంటే, ఎక్కడిదని అడగకుండా కొనేవాళ్లు చుట్టుపక్కలే దొరుకుతారు.

మైకేల్ గాట్‌ఫ్రెడ్‌సన్, ట్రావిస్ హిర్షీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్తలు 1990లో, నేరాలకు మూలం ఆత్మనిగ్రహం లోపించడమేననీ, ఆ నిగ్రహం చిన్నతనంలో పెంపకం వల్ల ఏర్పడుతుందనీ వాదించారు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన, పట్టపుపాలెం మనిషి. జీతం చేతికొస్తే నిలవదు, సాయంత్రమైతే తాగాలి, కోపం వస్తే ఎదుట ఎవరున్నారో చూడడు. అయినా ఆయన కాపలా ఉన్న షెడ్డులో ఒక్క బస్తా తగ్గలేదు. ఆయన ప్రలోభాన్ని జయించాడని నేననుకోను. బస్తా అమ్ముకోవచ్చన్న ఆలోచనే ఆయనకు వచ్చేది కాదు.

దీనికి పూర్తి విరుద్ధంగా మరొకతను ఉండేవాడు. టీ కూడా తాగడు, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతాడు, మాట తూలడు. అతను పూటపూటకూ మేతలో కొంత మిగిల్చి, ఓపికగా బస్తా నిండాకే బయటికి పంపేవాడు. పుస్తకంలో మేత లెక్క సరిగ్గానే ఉండేది. విసురు వల వేసి తూకం చూసినప్పుడు, తిన్నట్టు రాసిన మేతకు తగ్గ బరువు రొయ్యకు రాకపోవడంతో సంగతి బయటపడింది. నిలదీస్తే అతనిలో బెదురు లేదు. "కోట్ల పంట తీసే ఆసామికి ఇందులో ఏం తగ్గుద్దన్నా?" అన్నాడు. గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1957లో వివరించింది ఇలాంటి సమర్థనలనే: ఇందులో ఎవరికీ నష్టం లేదనో, నష్టపోయినవాడికి అలా జరగాల్సిందేననో ముందుగా మనసుకు చెప్పుకుని, నీతిని వదులుకోకుండానే పక్కకు జరపడం. అతని నిగ్రహం దొంగతనాన్ని ఆపలేదు సరికదా, దానికి బాగా పనికొచ్చింది.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన నేరశాస్త్రవేత్త పెర్-ఓలోఫ్ విక్‌స్ట్రోమ్ ఇంగ్లండులోని పీటర్‌బరోలో దాదాపు 700 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఆయన చెప్పేది నాకు ఈ అనుభవానికి దగ్గరగా తోస్తుంది. నీతి మొదటి జల్లెడ అనుకుంటే, నేరం ఒక మార్గంగా కంటికి కనిపించడమా మానడమా అన్నది అక్కడే తేలిపోతుంది. కనిపించి, తన నీతికీ ఆ కోరికకూ పెనుగులాట మొదలైనప్పుడే నిగ్రహం అవసరమవుతుంది. మద్యం, ఆవేశం వంటివి దాన్ని ఆ కాసేపు బలహీనపరుస్తాయి. శిక్ష భయం కూడా నేరం గురించి ఆలోచిస్తున్నవాడి మీదే పనిచేస్తుంది. 'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అనే మన సామెత ఆ పెద్దాయన దగ్గర చెల్లదు.

ఆ పెనుగులాట నేను చూసింది ఒక కుర్రవాడిలో. తప్పని అతనికి తెలుసు. కానీ పంట దెబ్బతిని ఆసామి రెండు నెలల జీతం ఆపిన సమయంలో, తాగి ఉన్న ఒక రాత్రి డీజిలు క్యాను అమ్మేశాడు. మర్నాడు నేను అడగకముందే తల వంచుకున్నాడు. ఇలాంటివాళ్లకు నీతిబోధ అక్కర్లేదు. జీతం ఆలస్యం కాకుండా చూడడం, షెడ్డులోంచి ఏది తీసినా ఇద్దరు సంతకం చేయాలన్న పద్ధతి పెట్టడం మా గుంటల మీద ఫలితమిచ్చాయి. ఓపికగా దొంగిలించేవాడికి మాత్రం రెండో సంతకం పెద్ద అడ్డు కాదు, ఆ రెండోవాడిని కలుపుకుంటాడు.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్, 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తునో, దాని విలువనో తిరిగిస్తే సమాజ సేవను శిక్షగా విధించాలంటోంది. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే మాత్రం వర్తించేది 306వ సెక్షన్, అందులో ఈ వెసులుబాటు లేదు. ఆ కుర్రవాడి వంటివారికి ఇలాంటిదే తగిన ఏర్పాటని నాకనిపిస్తుంది. మేత మిగిల్చినవాడి విషయంలో నాకంత నమ్మకం లేదు, ఎందుకంటే ఏ బస్తాకు ఆ బస్తాగా చూస్తే అతని దొంగతనం కూడా ఆ 5,000 లోపే ఉంటుంది.