మారతహళ్లి ఆఫీసులో ఫైర్ ప్యానెల్ సమస్య: నా సమాధానం

అన్నా, ఫైర్ అలారం ప్యానెల్ (డిటెక్టర్లన్నీ కలిసే కంట్రోల్ పెట్టె) మీద పసుపు లైటు ఆరడం లేదనీ, మధ్యాహ్నం పూట ఊరికే హూటర్ (అలారం సైరన్) మోగుతోందనీ, సెక్యూరిటీ అతను సైలెన్స్ బటన్ నొక్కి వదిలేస్తున్నాడనీ రాశారు. ముందు ఆ నొక్కి వదిలేయడం ఆపించండి. రేపు నిజంగా పొగ వచ్చినా ఎవరూ కుర్చీలోంచి లేవరు.

పసుపు లైటు అంటే ఫాల్ట్, అంటే మంట కాదు, సిస్టమ్‌లోనే ఏదో లోపం. చాలాసార్లు అది బ్యాటరీదే. ప్యానెల్ తలుపు తీస్తే అడుగున 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. పక్కలు ఉబ్బినా, టెర్మినళ్ల దగ్గర తెల్లటి పొడి పేరుకున్నా వాటి పని అయిపోయినట్టే. మీవి పెట్టి ఆరేళ్లయిందన్నారు కాబట్టి రెండూ ఒకేసారి మార్పించండి.

మధ్యాహ్నం మోత ప్యాంట్రీ నుంచే అనుకుంటున్నా. మైక్రోవేవ్ ఆవిరికి కూడా స్మోక్ డిటెక్టర్ మోగుతుంది. అక్కడ దాని బదులు పొగకు కాకుండా వేడికి మోగే హీట్ డిటెక్టర్ పెట్టించండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాట: పోయిన ఏడాది రెండు కొత్త క్యాబిన్లు కట్టారట. వాటి లోపల డిటెక్టర్లు ఉన్నాయా? పార్టిషన్ లేచిందంటే డిటెక్టర్లు ఎక్కడెక్కడ ఉండాలో చూపే పాత డ్రాయింగ్ చెల్లదు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వాళ్లతో ఐఎస్ 2189 (ఫైర్ అలారాలకు భారతీయ ప్రమాణం) ప్రకారం ఎక్కడ ఎన్ని డిటెక్టర్లు కావాలో మళ్లీ లెక్క వేయించి, ప్రతి డిటెక్టర్‌నూ మీ కళ్లముందే పొగతో టెస్ట్ చేయించి, లాగ్‌బుక్‌లో రాయించండి.

2010 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే కార్ల్‌టన్ టవర్స్‌లో అగ్నిప్రమాదం జరిగి 9 మంది చనిపోయారు. ఈరోజే మెట్ల తలుపులకు తాళాలున్నాయేమో కూడా చూడండన్నా.