మరో వాయిదాకు ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: మాది రాయగడ. ప్రైవేటు సంస్థలో స్టోర్స్ చూసే ఉద్యోగం. చేతికి 42,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 26,000. బండి వాయిదా 4,200, నిరుడు కొన్న ప్లేస్టేషన్ 5 (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) వాయిదా 4,600. రెండోది మరో నాలుగు నెలల్లో తీరుతుంది. బ్యాంకులో 18,000 ఉంది. మా అబ్బాయిలు (13, 9 ఏళ్లు) దానికి వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తగిలించుకుని ఆటలోనే ఉన్నట్టు ఆడే పరికరం) కావాలంటున్నారు. రెండు ఆటలతో కలిపి 48,000. ఒక యాప్ పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) ఇస్తానంటోంది. ఇప్పుడే కొనవచ్చా, ధర తగ్గేదాకా ఆగాలా?

జవాబు: నెలకు 4,000 సర్దగలమని తేలగానే ఆ వస్తువు తమ స్తోమతలోనే ఉందని నమ్మేవారు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు; మీ ఉత్తరానికి జవాబివ్వడానికి అదే కారణం. ఇప్పుడు మీకు నెలకు 7,200 మిగులుతోంది. ఈ వాయిదా చేరితే మిగిలేది 3,200; జీతంలో దాదాపు 30 శాతం అప్పులకే పోతుంది. బ్యాంకులో ఉన్న 18,000 మీ ఇంటికి, వాయిదాలకు మూడు వారాలైనా చాలదు. కాస్త పెద్ద జబ్బు చేస్తే మీ ఊరివాళ్లు విశాఖపట్నం రైలెక్కవలసిందే కదా, ఆ రోజు ఆసుపత్రి కౌంటరులో కట్టే అడ్వాన్సు ఎక్కడిది? మళ్లీ ఆ యాప్ నుంచేనా?

"నో కాస్ట్" అన్న మాట విని మోసపోకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కానికి కొంటే దొరికే తగ్గింపును వదులుకోవడం, ప్రాసెసింగ్ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, ఇలా ఏదో ఒక దారిలో అది మీ జేబులోంచే పోతుంది.

ఇక వస్తువు సంగతి. మీ పిల్లలు అడిగే హెడ్‌సెట్, ప్లేస్టేషన్ వీఆర్ 2, అమెరికాలో 2023 ఫిబ్రవరిలో దాదాపు 550 డాలర్లకు వచ్చి, 2025 మార్చిలో 400కు దిగింది. ధర పడిపోయే వస్తువుకు పాత ధర మీద వాయిదాలు కడుతూ కూర్చోవడం నాకు మింగుడుపడదు. పైగా 12 ఏళ్లలోపు పిల్లలు దాన్ని వాడకూడదని తయారీదారు సోనీయే చెబుతోంది కనుక మీ చిన్నబ్బాయికి మరో మూడేళ్లు అది పనికిరాదు. గదంతా తిరుగుతూ ఆడే ఆటలకు రెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఖాళీ కావాలి. మీ అద్దె ఇంట్లో అంత చోటుందో లేదో కొలిచి చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికినా నా జవాబు మారదు.

చేయవలసింది ఇది. మిగిలే 7,200ను జీతం పడిన రోజే ఆపదల కోసం వేరే ఖాతాకు మళ్లించండి. బ్యాంకులో ఉన్న 18,000తో కలిపి నాలుగు నెలలకు 46,800 అవుతుంది. ప్లేస్టేషన్ వాయిదా తీరాక నెలకు 11,800 వేయగలరు, ఎనిమిదో నెలకు 94,000, అంటే మూడు నెలల ఖర్చు, చేరుతుంది. మరో ఎనిమిది నెలలు ఇలాగే సాగితే ఆరు నెలల ఖర్చు పూర్తవుతుంది. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక కుటుంబానికి సొంత పాలసీ ఈలోగానే తీసుకోండి. దానివల్ల గడువు రెండు మూడు నెలలు పెరిగినా ఫర్వాలేదు. ఆ తరువాత కూడా పెద్దబ్బాయి హెడ్‌సెట్ పేరే తలుస్తుంటే, విడిగా దాచి రొక్కానికి కొనండి. ఆ యాప్‌ను మాత్రం ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.