సినిమా ఆడకపోయినా పాటలు వినండి

ప్రశ్న: పాప్ గాయకుడు ప్రిన్స్ 'పర్పుల్ రెయిన్' (1984) తర్వాత తీసిన సినిమాలు, వాటి ఆల్బమ్‌లు దండగేనా? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: దండగ అనకండి, నాకు బాధేస్తుంది. 1986లో ఆయనే దర్శకత్వం వహించిన 'అండర్ ద చెర్రీ మూన్' ఆడలేదు, నిజమే. నలుపు తెలుపు సినిమా, కథ పలచన. కానీ దాని పాటల ఆల్బమ్ 'పరేడ్' మాత్రం బంగారం. అందులో 'కిస్' పాటలో కింది స్వరాలు పలికించే బేస్ గిటార్ ఉండదు. నెల్లూరు ట్రంకురోడ్డులో ఆ క్యాసెట్ కొని ఇంట్లో పెట్టినప్పుడు, ఏదో తక్కువగా వినిపిస్తోందని టేప్‌రికార్డర్ హెడ్ దూదితో తుడిచాను. మళ్లీ మళ్లీ విన్నాకే తెలిసింది, ఆ ఖాళీయే పాటకు ప్రాణమని! గొంతు సన్నగా పైకి లేస్తుంటే కింద డ్రమ్స్, పొడిపొడి గిటార్. అంతే.

ఆ ఆల్బమ్‌లో చివరి పాట 'సమ్‌టైమ్స్ ఇట్ స్నోస్ ఇన్ ఏప్రిల్'. ప్రిన్స్ పోయింది 2016 ఏప్రిల్ 21న. ఆ రాత్రి ఈ పాట పూర్తిగా వినలేకపోయాను.

1990 నాటి 'గ్రాఫిటీ బ్రిడ్జ్' సినిమా వదిలేయండి. ఆల్బమ్ కూడా అతుకుల బొంతే, కొన్ని పాటలు వేరేవాళ్ల గొంతుల్లో ఉంటాయి. 'థీవ్స్ ఇన్ ద టెంపుల్' మాత్రం వదలొద్దు. ముందు 'పరేడ్' వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రిపూట.