బస్సు సంగతి కూడా అడుగు

విశాఖపట్నం

అమ్మాయీ,

మన తిండి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. శ్రీనాథుడు పల్నాట జొన్నకూడు తిట్టుకుంటూ తిన్నాడన్నావు, సరే. అందులోకి ఎండుమిరప కారం నంజుకున్నాడని కూడా రాశావు. ఎక్కడి మిరపకాయమ్మా? ఆయన 15వ శతాబ్దపు మనిషి. వాస్కోడిగామా కాలికట్‌లో దిగిందే 1498లో. అమెరికా ఖండాల మిరప పోర్చుగీసు ఓడలెక్కి ఇక్కడికొచ్చింది ఆ తర్వాతే. ఆయన ఎరిగిన ఘాటు మిరియాలది.

'అనాదిగా' అని పదకొండుసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఆ మాట కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు వండారు, దినుసులు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎంతకి కొన్నారు, ఇవి చెప్పు. పాత కిరాణా పద్దుల పుస్తకం దొరికితే ప్రబంధాలు పక్కన పెట్టి అది చదువు.

కుర్రతనంలో హల్వా కోసం మాడుగుల వెళ్లాను. కొట్టు ఆయన నన్ను సేల్స్ టాక్స్ మనిషి అనుకుని రెండు రోజులు గుమ్మం దాటనివ్వలేదు. మూడోరోజు వంటాయనే జాలిపడి పిలిచాడు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నేతిలో గంటల తరబడి తిప్పడం. ఆయన అరచేతుల నిండా కాయలు. దించాలని ఎలా తెలుస్తుందని అడిగితే, 'గరిటె బరువు చెప్పేస్తది బాబూ' అన్నాడు. అదంతా రాసి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు వంటాయన్ని తీసేసి, 'గోధుమలు రెండు కప్పులు, పంచదార నాలుగు కప్పులు' అని వంటల పేజీలో వేశారు. కప్పుల లెక్క నేను రాయనేలేదు! ఇప్పటివాళ్లు నయమా? అరకు వెళ్లి, బొంగు చికెన్ నోట్లో పెట్టుకుని కెమెరాకేసి కళ్లు మూస్తారు. ఆ వెదురు కొట్టుకొచ్చింది ఎవరో అడగరు.

ఇక నీ చివరి పేజీ. జాలారిపేటలో మీ అమ్మమ్మ గారు నెత్తళ్లు ఎండబెట్టి, కర్రకి పాత వల ముక్క కట్టి కాకుల్ని తోలేవారని రాశావు. వానొస్తే ముందు చేపలు లోపలికి, తర్వాత పిల్లలు. అది రెండుసార్లు చదివాను. మిగతా పేజీలు చింపేసి అక్కడ మొదలుపెట్టు. గంపకి ఉప్పు ఎంత పట్టేది? అప్పు ఎవరిచ్చేవారు? పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్లేవారా, బస్సులోనా? వాసన కొడుతోందని కండక్టర్ దించేసిన రోజులున్నాయా?

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, ఆ మాట తర్వాత. ఈ ఆదివారం ఆవిడ దగ్గర కూర్చో. బస్సు సంగతి మాత్రం మర్చిపోకు.