పిడికిట్ల పత్తి పట్టి చూసినంకనే కోడ్ రాయి

హనుమకొండ

బిడ్డా,

ఫజ్జీ లాజిక్ (అవును, కాదు నడుమ మెట్లను లెక్కకట్టే పద్ధతి), జెనెటిక్ అల్గారిథమ్ (జవాబులను కలిపి, మార్చి, మంచివాటిని తరం తర్వాత తరం ఏరుకునే పద్ధతి) కలిపి పత్తి నాణ్యత మీద పీహెచ్‌డీ చేస్తనని రాసినవ్. మస్తు సంతోషమైంది. ఏండ్ల తరబడి ఇదే పని చేసినోణ్ని, అందుకే నాలుగు మాటలు చెప్త.

ముందుగాల వరంగల్ల ఎనుమాముల మార్కెట్‌కు పో. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ లెక్క ప్రకారం తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. 11.9కి, 12.1కి నడుమ పత్తిల ఏం తేడా ఉంటది? అక్కడ ముసలి రైతు ఎవరన్న ఉంటే చెయ్యి చూడు. పత్తిని పిడికిట్ల గట్టిగ ఒత్తి వదుల్తడు. పొంగి మళ్ల మునుపటి తీరయితే ఎండిందంటడు, ముద్దలెక్క ఉంటే పచ్చిదంటడు. నడుమ రకమైతే "జర నిమ్మున్నది" అంటడు. ఇసొంటి "జర"ను లెక్కలకు ఎక్కించనీకే లోట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త 1965ల ఫజ్జీ సెట్లు తెచ్చిండు. 8 దగ్గర నిమ్ము 0, 12 దగ్గర 1 అని గీత గీస్తే, 11 శాతం పత్తికి నిమ్ము 0.75. దీన్ని సంభావ్యత అనుకోకు. నూటికి డెబ్బై ఐదుసార్లు పచ్చిగుంటదని కాదు, ఆ పత్తే అంతమేర పచ్చిదని అర్థం.

"జర నిమ్ము", "బాగ పచ్చి" అని ఒక్కో మాటకు ఇసొంటి గీత ఒకటి ఉంటది. ఆ గీతలను జెనెటిక్ అల్గారిథమ్‌తోని దిద్దిస్తవు కద, అక్కడ భద్రం. పట్టించుకోకపోతే "జర నిమ్ము" గీత పోయి "బాగ పచ్చి"ని దాటి కూసుంటది. ఎర్రర్ తగ్గుతది గని, పత్తి ఇట్లుంటే నాణ్యత ఇంత అని చెప్పే నీ నియమాలు ఏ రైతుకూ అర్థం కావు. గీతల వరుస తప్పకుండ షరతు పెట్టు.

ఏ జవాబు ఎంత మంచిదో కొలిచే ఫిట్‌నెస్ ఫంక్షన్ దగ్గర నేను దెబ్బతిన్న. ఒక బస్ డిపోకు ట్రిప్పుల చార్టు చేస్తూ, డీజిల్ ఎంత తగ్గితే అంత మంచిదని రాసిన. రెండువందల తరాలు తిరిగినంక చూస్తే రాత్రి ఊర్లనే ఆగి పొద్దుగాల బయల్దేరే నైట్ హాల్ట్ బస్సులన్నీ మాయం! పొద్దుగాల వాటిల్ల కాలేజీకొచ్చే పిల్లలు, కూరగాయల గంపలతోని వచ్చే అమ్మలు నా లెక్కల లేనే లేరు. అల్గారిథమ్ నేను అడిగిందే ఇచ్చింది. నెలరోజులు ఆ బస్సులల్ల తిరిగి, ప్రతి ఊరికి రాత్రి ఒక బస్సు ఉండాల్సిందే అని షరతు రాసినంకనే చార్టు పనికొచ్చింది.

ఒక్క రన్ చూసి ఫలితం రాయకు. సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య) మార్చుకుంట 30 సార్లన్న నడిపి, మీడియన్‌తో (నడుమ ఫలితంతో) పాటు అన్నిట్ల చెత్త ఫలితం కూడ పెట్టు. గుడ్డిగ ఏదో ఒకటి ఎంచి చూసే ఉత్త ర్యాండమ్ సెర్చ్‌కు కూడ అన్నే అవకాశాలిచ్చి పోల్చు. తోడేలు, తిమింగలం అని పేర్లు పెట్టుకొని వచ్చే కొత్త అల్గారిథమ్‌ల ఎంట పడకు. అన్ని సమస్యల మీద సగటు తీస్తే ఏ అల్గారిథమూ ఇంకోదానికన్న మేలు కాదని వోల్పర్ట్, మాక్రెడీ అనే పరిశోధకులు 1997లనే నిరూపించిన్రు. కచ్చితత్వం, తక్కువ నియమాలు రెండూ కావాలంటే కల్యాణ్‌మయ్ దేబ్ బృందం 2002ల ఇచ్చిన, ఒక్కసారే రెండు లక్ష్యాలను చూసే జెనెటిక్ అల్గారిథమ్ ఎన్‌ఎస్‌జీఏ-2తోని మొదలుపెట్టు.

దసరా పోయినంక మన చెలకల పత్తి ఏరుడు షురువైతది. ఒక ఆదివారం మంచు ఆరకముందే రా. పొద్దుగాల ఏరింది, మధ్యాహ్నం ఏరింది వేరే సంచులల్ల పోయిస్త. ఏరేటోళ్లను ఒక్కొక్కరిని పిడికిలి పట్టి చెప్పమందాం, నువ్వు రాసుకో. తేమ మీటర్ నేను తెస్త.

మీ పెద్దబాపు