ఆ చివరి అధ్యాయం తీసెయ్యి

చిరంజీవికి,
ఆశీస్సులు.

నవల రాతప్రతి అందింది. ఇష్టంగానే చదివాను. ముందు చదివిన మిత్రులు "ఇంతకీ శారద ఇంటికి వెళ్ళిందా, లేదా?" అని నిలదీశారనీ, అందుకే ఇంకో అధ్యాయం కలిపాననీ రాశావు. ఆ అధ్యాయం తీసెయ్యి.

నాకు బాగా నచ్చిన చోటు చెప్తాను. శారద తండ్రికి ఫోన్ చేసి, అవతల మోగకముందే కట్ చేస్తుంది. ఫోన్ బోర్లా పెట్టి కాసేపు అలాగే కూర్చుంటుంది. అక్కడ ఆగిపోయాను. కోపమా, భయమా, మొహమాటమా అని నాలో నేనే తేల్చుకుంటున్నాను. ఇంతలో నువ్వొచ్చి "తండ్రి మీద కోపం ఉన్నా ఆమెలో ప్రేమ చావలేదు" అని చెప్పేశావు. ఇంక నాకు పనేముంది?

జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ 1970లలో పట్టుకున్నది ఈ సంగతినే. రచనలో చెప్పకుండా వదిలిన ఖాళీలను పాఠకుడు పూరించుకుంటూ పోతుంటే అర్థం తయారవుతుందన్నాడు. ఆయన మాట్లాడిన పాఠకుడు ఊరూ పేరూ ఉన్న మనిషి కాదు. రచన అల్లికలోనే ఉండే పాఠకుడు. కాబట్టి మిత్రుల్లో ఎవరిని మెప్పించాలన్న టెన్షన్ వదిలెయ్.

అలాగని దాచిపెట్టడాన్ని ఖాళీ అనుకోకు. శారద ఉద్యోగం ఎందుకు పోయిందో నీకు తెలుసు, ఆమెకూ తెలుసు. నాకొక్కడికే చెప్పకుండా నలభై పేజీలు నడిపావు. అది ఉడికించడం. ఫోన్ దగ్గర మాత్రం కావలసినవన్నీ ముందే ఇచ్చావు: తండ్రి అన్న మాట, ఆమె ఎదురన్న మాట, ఆ తర్వాత ఏడాది మౌనం. అందుకే అక్కడ నా ఊహ కదిలింది.

రచయిత మరణించాడని, అంటే రచనకు అర్థం తేల్చేది ఇక పాఠకుడేనని, 1967లో ఫ్రెంచ్ విమర్శకుడు రోలా బార్త్ రాసింది పట్టుకుని, అర్థం ఎటైనా పోనీ అని చేతులు దులుపుకునే నవలాకారులున్నారు. ఆ వ్యాసం విమర్శకులకు పనికొచ్చినంతగా మనకు పనికిరాదు (నా అభిప్రాయమేలే). ఏది వదలాలో, ఎక్కడ వదలాలో రాసేవాడే తేల్చుకోవాలి.

మరి పాఠకుడికి బాధ్యత లేదా అంటావేమో. వెయ్యేళ్ళ కిందటే కశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు, కావ్యాలు చదివి చదివి మనసనే అద్దాన్ని నిర్మలం చేసుకున్నవాడే సహృదయుడు, అంటే అసలైన పాఠకుడు, అన్నాడు. ఆ సాధన వాళ్ళది. నువ్వు చేసిపెట్టలేవు.

మిత్రులు మళ్ళీ అడిగితే, మీరేమనుకుంటున్నారని ఎదురు అడుగు. ఇద్దరు రెండు రకాలుగా చెప్పి, ఇద్దరూ నవల్లోంచే ఆధారం చూపిస్తే ముగింపు జోలికి పోకు. ఎవరూ ఏదీ చూపించలేకపోతే వెనక అధ్యాయాలు సవరించుకోవాలి. పదకొండోది నాకూ కాస్త పల్చగా అనిపించింది. తండ్రి అందులో ఒక్కసారి కూడా నోరు విప్పడు. ముందు దాని సంగతి చూసి పంపు.