ఇరవై వచ్చాయి, పధ్నాలుగు చాలు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. మీ బడికి ఒక కంపెనీ ఇచ్చిన పాత కంప్యూటర్ల ఫొటోలు నువ్వు పంపినవి చూశాను. బడి వరండాలో పేర్చిన ఇరవై క్యాబినెట్లు, బల్లల మీద మానిటర్లు, కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్న పిల్లలు. పాలిటెక్నిక్ ల్యాబులో ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి ఆ ఫొటోలు చూశాక ఊరికే కూర్చోలేకపోయాను.

బాగా నడిచే యంత్రాలను ఆ కంపెనీ వాళ్లు ఎందుకు వదిలించుకున్నారని అడిగావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే లెక్క. నువ్వు రాసుకొచ్చిన నంబర్లు ఐ5-4570, ఐ5-6500. ఆ నాలుగంకెల్లో మొదటిదే తరం. అంటే నాలుగోది, ఆరోది. ఆఫీసుకు పనికిరావన్నారే గాని, ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవి నిక్షేపంలాంటివి.

అయితే ఇరవైని ఇరవైగా నడిపించాలని పంతం పట్టకమ్మా. పధ్నాలుగు ఏ తంటా లేకుండా నడిస్తే చాలు. మిగతా ఆరింటిని విడిభాగాల కోసం అట్టేపెట్టు. వచ్చే ఏడు ఏ ఫ్యానో, ఏ ర్యామో (యంత్రం తాత్కాలిక జ్ఞాపకం ఉండే పలక) పోయినప్పుడు బజారుకు పరుగెత్తకుండా వాటిలోంచే తీసుకుంటావు. సగం సగం నడిచే ఇరవై యంత్రాల ముందు పిల్లల పీరియడ్ అంతా ఎదురుచూపులతోనే గడిచిపోతుంది.

ప్లగ్గు పీకేసి ఒక్కొక్కటీ మూత తీసి చూడు. దుమ్ముతో పాటు బల్లి గుడ్లు కూడా కనిపిస్తాయి, కంగారుపడకు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులుపు. ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని శుభ్రం చెయ్యి. ఆన్ చేయగానే బీప్ బీప్‌మంటూ తెర నల్లగా ఉండిపోతే చాలాసార్లు తప్పు ర్యామ్ దగ్గరే ఉంటుంది. ఆ పలకను బయటికి తీసి, అడుగున ఉండే బంగారు రంగు గీతలను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో రెండువైపులా నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, టిక్కుమనేదాకా నొక్కి పెట్టు. ఇలా చేసి చచ్చిపోయిందనుకున్న యంత్రాలను ఎన్నింటినో లేపాను. తేదీ ప్రతిసారీ వెనక్కు పోతుంటే మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ మార్చు. దాని పేరు సీఆర్2032, గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బి కనిపిస్తే ఆ బోర్డును విడిభాగాల వరుసలోకి తోసెయ్యి. యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

కొనడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేముందు ఒక్కో యంత్రానికి ఏం కావాలో కాగితం మీద రాసుకో. నాలుగో తరానికి డీడీఆర్3 రకం ర్యామ్, ఆరో తరానికి ఎక్కువగా డీడీఆర్4. ఒకటి రెండోదానిలో పట్టదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, అదీ పనికిరాదు. ఒక పలకను చేతిలో పెట్టుకునే వెళ్లు. డబ్బు పరిమితమైతే కొత్త మానిటర్ల జోలికి పోకుండా ఎస్‌ఎస్‌డీలు, అంటే తిరిగే చక్రం లేని వేగమైన డిస్కులు, కొను. పాత హార్డ్ డిస్క్ తీసి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే తేడా పిల్లలే చెబుతారు. ఇంకొక చిక్కుంది. ఆఫీసు యంత్రాల్లో కొన్నింటికి వెనక మానిటర్ తీగ పెట్టడానికి డిస్‌ప్లేపోర్ట్ అనే కొత్తరకం సాకెట్ మాత్రమే ఉంటుంది, మీ పాత మానిటర్లకేమో పాతరకం వీజీఏ. మధ్యలో పెట్టే కన్వర్టర్లు ఎన్ని కావాలో ముందే లెక్కపెట్టుకో. చిన్న క్యాబినెట్ల ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఆ కంపెనీ కొలతలకే ఉంటాయి, మామూలువి పట్టవు. ఆ ఆరింటినీ అట్టేపెట్టమన్నది అందుకే.

గదిలో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించకుండా ఒక్క స్విచ్ కూడా వేయవద్దు. ఎర్త్ లేని చోట క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటుంది. పిల్లలు చెప్పులు విప్పి వచ్చే గది అది.

ఇక సాఫ్ట్‌వేర్. ఊళ్లో ఎవరో విండోస్ కాపీ ఉచితంగా వేసిస్తామన్నారని రాశావు. వద్దు. ఒకప్పుడు మా ల్యాబులోనూ ఒక కొట్టువాడు అలాగే వేసిచ్చాడు. రెండు నెలల్లో పెన్ డ్రైవ్‌ల ద్వారా వైరస్ అన్నిటికీ పాకి, పిల్లలు రాత్రిళ్లు కూర్చుని చేసుకున్న ప్రాజెక్టులు పోయాయి. ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ నాకు గుర్తే. పైగా బడిలో దొంగ కాపీ వాడితే పిల్లలకు అది తప్పుకాదని మనమే నేర్పినట్టవుతుంది.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్‌లో, తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వెయ్యి. ర్యామ్ 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లైనక్స్ మీదే పాఠాలు నడుస్తున్నాయి, కాబట్టి మనం చేస్తున్నది కొత్త ప్రయోగమేమీ కాదు. ఒక యంత్రాన్ని నీకు నచ్చినట్టు పూర్తిగా సిద్ధం చేసి, క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో అదే నకలును మిగతావాటిలోకి దించు. పధ్నాలుగు సార్లు అదే పని చేసే బాధ తప్పుతుంది. ఆఫీసు పనులకు లిబ్రెఆఫీస్, లెక్కలకు జియోజీబ్రా, చిన్నపిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రీ పెట్టు. ఇంటర్నెట్ సరిగా రాని ఊరు కాబట్టి కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి తెలుగు వికీపీడియా మొత్తం దించి ఉంచు. నెట్ లేకుండానే చదువుకుంటారు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక, మండలి ఫాంటు పెట్టి, మొదటి రోజు ప్రతి పిల్లచేతా, పిల్లవాడిచేతా తన పేరు తెలుగులో కొట్టించు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో ఉన్నాయి. అవి ముందు నువ్వు చూడు, తర్వాత తొమ్మిదో తరగతి వాళ్లకు చూపించు.

మరిచిపోకూడనిది ఇంకొకటి. పాత డిస్కుల్లో ఆ కంపెనీ ఉద్యోగుల కాగితాలు, జీతాల వివరాలు మిగిలి ఉండవచ్చు. తెరిచి చూడకుండా పూర్తిగా తుడిచెయ్యి. కంపెనీ నుంచి దానపత్రం తీసుకుని, సీరియల్ నంబర్లతో స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించు. చివరికి పనికిరాకుండా మిగిలే బోర్డులను పాత ఇనుప సామాన్ల వాడికి ఇవ్వకు. వాళ్లు వాటిని బయట కాలుస్తారు, ఆ పొగ విషం. గుర్తింపు ఉన్న ఇ-వేస్ట్ సంస్థకే చేరాలి.

దసరా సెలవుల్లో నేను వస్తాను. మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి. ఈలోగా మూతలు తీసి దుమ్ము దులిపించి, ఏది పలుకుతోందో ఏది పలకడం లేదో ఒక్కోదాని మీద చీటీ అంటించి ఉంచు. తొమ్మిదో తరగతిలో ఆసక్తి ఉన్న నలుగురిని నాతో కూర్చోబెట్టు, రబ్బరుతో ర్యామ్ రుద్దడం వాళ్ల చేతే చేయిద్దాం.

ఇట్లు
మీ మావయ్య